రౌతు మెత్తనైనా... గుర్రం నాట్యమే!

'రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది' అన్నది మన పెద్దల సామెత. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో మాత్రం ఆ మాట చెల్లదు. అక్కడ రౌతు ఎంత మెత్తనైతే గుర్రం అంత అందంగా ఆడుతుంది. అరుపుల్లేవు, అదిలింపుల్లేవు. మనిషీ గుర్రమూ ఒకరినొకరు నమ్మడమెలాగో నాలుగున్నర శతాబ్దాలుగా నేర్పుతున్న ఆ బడి పేరు స్పానిష్ రైడింగ్ స్కూల్.

ఉన్నదేమో ఆస్ట్రియాలో, పేరేమో స్పానిష్! ఆ రోజుల్లో రాజుల గుర్రాలు స్పెయిన్ నుంచి వచ్చేవి కాబట్టి ఆ పేరు అలా ఉండిపోయింది. వియన్నాలో గుర్రపుస్వారీ మైదానం ప్రస్తావన 1565 నాటి కాగితాల్లోనే ఉంది. ఇప్పుడు మనం చూసే భవనాన్ని ఆరో చార్లెస్ చక్రవర్తి 1729-1735 మధ్య కట్టించాడు. హాఫ్‌బర్గ్ రాజభవనంలో భాగమది. తెల్లటి గోడలు, వరసగా స్తంభాలు, పైనుంచి వేలాడే పెద్ద పెద్ద షాండ్లియర్లు... కింద మాత్రం ఇసుక! పెళ్లి మండపంలా ఉందే అనుకునేలోగా గుర్రాలు లోపలికొస్తాయి. రౌతులు ముందుగా చక్రవర్తి చిత్రపటం వైపు తిరిగి టోపీ తీసి నమస్కరిస్తారు. ఆ తర్వాతే ఏదైనా.

పుట్టినప్పుడు నల్లన... పెరిగాక తెల్లన

ఈ గుర్రాలు లిపిజానర్ జాతివి. ఇప్పుడు స్లొవేనియాలో ఉన్న లిపిజ్జా గ్రామంలో 1580లో మొదలైన అశ్వశాల నుంచి ఆ పేరొచ్చింది. పిల్లలు పుట్టినప్పుడు నల్లగానో గోధుమ రంగులోనో ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడతాయి. ఎప్పుడో ఒకటి రంగు మారకుండా అలాగే ఉండిపోతుంది. దాన్ని అదృష్టంగా భావించి బడిలో తప్పకుండా చోటిస్తారు. అన్ని తెల్ల గుర్రాల మధ్య ఒక్క గోధుమరంగు గుర్రం కనిపిస్తే ఇక ఆశ్చర్యపోనక్కర్లేదన్నమాట!

1920 నుంచీ వీటి పుట్టిల్లు పీబర్ అనే ఊరు. చిన్నతనమంతా స్వేచ్ఛే. వేసవి వస్తే కొండ మీది పచ్చిక బయళ్లకు తోలేస్తారు. రాళ్లూ రప్పలూ ఎక్కి దిగుతూ కాళ్లు గట్టిపడతాయి. నాలుగేళ్లు వచ్చేదాకా జీను వేసి బరువు మోయించే తొందరేం ఉండదు. ఎముక ముదరకముందే పని మొదలుపెడితే ఒళ్లే కాదు, మనిషి మీద నమ్మకమూ దెబ్బతింటుందని వాళ్ల లెక్క.

గురువెవరు... శిష్యుడెవరు?

బడిలోకి కొత్తగా వచ్చిన కుర్రాడికి మొదట దొరికేది పగ్గాలు కాదు... పార, బుట్ట! లద్దె ఎత్తాలి, ఒళ్లు రుద్దాలి, డెక్కలు శుభ్రం చేయాలి, జీను తుడవాలి. ఈ పనుల్లోనే అసలు చదువుంది. ఏ గుర్రం ఎక్కడ ముట్టుకుంటే ఉలిక్కిపడుతుంది, ఏది చెవులు వెనక్కి వాల్చితే కోపం, ఏది తల దించితే నెమ్మది... రోజూ ఒళ్లు తుడిచేవాడికే తెలుస్తుంది. గుర్రానికి సరిగ్గా తన నుదుటి ముందున్నదీ, తోక వెనకున్నదీ కనబడదు. అందుకే పక్క నుంచి, పలకరిస్తూ దగ్గరికెళ్లాలి.

ఎక్కాక కూడా చాలాకాలం రికాబులుండవు, పగ్గాలుండవు. పొడవాటి తాడు ఒకటి శిక్షకుడి చేతిలో ఉంటుంది. గుర్రం ఆయన చుట్టూ గుండ్రంగా తిరుగుతుంటే పైన కూర్చున్నవాడు పట్టుకోవడానికేమీ లేకుండా నిలదొక్కుకోవాలి. ఈగ వాలినా చర్మం వణికించే జంతువది. రౌతు బిగుసుకుంటే దానికీ భయం పుడుతుంది, ఊపిరి తేలిగ్గా తీసుకుంటే అదీ కుదుటపడుతుంది.

ఇక్కడ తమాషా ఏంటంటే... కొత్త రౌతును ముదురు గుర్రం ఎక్కిస్తారు. కొత్త గుర్రాన్ని ముదురు రౌతుకు అప్పగిస్తారు. అంటే కుర్రాడికి గుర్రం గురువు, పిల్ల గుర్రానికి మనిషి గురువు! గుర్రం పూర్తిగా తయారవడానికి ఆరేళ్లు పడుతుంది. మొదటి ఏడాది పాఠం తిన్నగా నడవడమే. తర్వాత మలుపులు, అడుగుల లయ. చివరికి ఉన్నచోటే కదం తొక్కడం, వెనక కాళ్ల మీద కూర్చున్నట్టుగా ముందు కాళ్లెత్తి నిలబడటం, గాల్లోకి ఎగిరి వెనక కాళ్లు చాచడం. ఈ గెంతులు అన్ని గుర్రాలకూ రావు. దేనికి ఏది ఇష్టమో గమనించి అదే నేర్పుతారు. రౌతుకైతే పదేళ్లు పట్టినా పట్టొచ్చు. ఒక గుర్రాన్ని తన చేతులతో మొదటి నుంచీ తయారుచేస్తేగానీ పూర్తిస్థాయి రౌతు అనిపించుకోలేడు. 2008 నుంచీ అమ్మాయిలకూ చోటిస్తున్నారు.

మరి చేతిలో ఆ బెత్తం? అది సన్నటి బిర్చి చెట్టు పుల్ల. కొట్టడానికి కాదు, సైగ చేయడానికి. అసలు ఆయుధం వేరే ఉంది. కాఫీరంగు కోటు వెనక తోక భాగంలో దాచిన జేబు... దాన్నిండా పంచదార బిళ్లలే!

పోతే మళ్లీ రాదు

ఇలాంటి చదువుకు ఓ ప్రమాదముంది. పుస్తకంలో రాసిపెట్టుకుంటే చాలదు. గుర్రాలు పోతే మనుషులకు నేర్పేదెవరు? మనుషులు పోతే గుర్రాలకు నేర్పేదెవరు? రెండో ప్రపంచయుద్ధం చివర్లో సరిగ్గా ఆ పరిస్థితే వచ్చింది. వియన్నా మీద బాంబులు పడుతుంటే 1945 మార్చిలో బడి అధిపతి అలోయిస్ పోదాయ్‌స్కీ మగ గుర్రాలను రైల్లో సెయింట్ మార్టిన్ అనే ఊరికి తరలించాడు. మే 7న అక్కడికి అమెరికా సేనాని జనరల్ ప్యాటన్ వచ్చాడు. ఆయన కూడా గుర్రాలంటే ప్రాణమిచ్చే మనిషి. పోదాయ్‌స్కీ ప్రదర్శన ఇచ్చి, చివర్లో గుర్రాన్ని ఆయన ముందు ఆపి, టోపీ తీసి, వీటిని కాపాడమని అడిగాడు. ప్యాటన్ సరేనన్నాడు. ఆ బడి తిరిగి వియన్నా చేరింది 1955లో.

1992 నవంబరులో రాజభవనంలో మంటలు లేచిన రాత్రి కూడా గుర్రాలను చీకట్లో పక్కనున్న పార్కుకు నడిపించుకుపోయారు. పొగ, అరుపులు, సైరన్లు... మామూలుగా ఆకు కదిలినా బెదిరే జంతువులవి. చేయి పట్టుకున్న మనిషి వెంట నడిచాయి.

'గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు' అని మనం విసుక్కుంటాం. వీళ్లు మాత్రం వయసైపోయిన గుర్రాలను మళ్లీ పీబర్ పంపి, చివరిదాకా చూసుకుంటారు. 2015లో ఈ స్వారీ సంప్రదాయాన్ని యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

చూడాలంటే...

వియన్నా వెళ్లేవాళ్లు పెద్ద ప్రదర్శనకు టికెట్టు దొరకలేదని నిరాశపడక్కర్లేదు. ఉదయం పూట సాధన చూడ్డానికి సందర్శకులను అనుమతించే రోజులుంటాయి. సంగీతంతో జరిగే ఆ సాధనలో ఆర్భాటం తక్కువ, అసలు విషయం ఎక్కువ. ప్రదర్శన సమయంలో ఫొటోలు తీయనివ్వరు. వేసవిలో గుర్రాలకూ సెలవులుంటాయి కాబట్టి ముందే కనుక్కుని వెళ్లడం మంచిది. వెళ్తే ఒక్కటి గమనించండి. గుర్రం ఓ అడుగు సరిగ్గా వేయగానే రౌతు ఆగిపోతాడు. మెడ నిమురుతాడు. చేయి మెల్లగా కోటు వెనక జేబులోకి వెళ్తుంది... గుర్రం అప్పటికే తల తిప్పి చూస్తూ ఉంటుంది!