చేసినవాడి పేరు

ఊరూ పేరూ లేని చాటుపద్యం కాస్త గంభీరంగా ఉంటే శ్రీనాథుడిది అంటాం, కొంటెగా ఉంటే తెనాలి రామలింగడికి అంటగడతాం. పాత వెదురు గాలపు కర్రల లోకంలో అలాంటి శ్రీనాథుడు హైరమ్ లెనర్డ్. 1870లలో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, బాంగర్ ఊళ్ళో, ఆరు బద్దల కర్రలు చేసి పేరు తెచ్చుకున్నవాడు. అమ్మేవాడు “లెనర్డ్‌ది కావచ్చు” అన్నాడంటే దానిమీద ముద్ర లేదని అర్థం చేసుకోవాలి.

స్ప్లిట్ కేన్ అంటే నిలువునా చీల్చిన వెదురు. ఒక్కో బద్దనీ అరవై డిగ్రీల త్రికోణంగా చిత్రిక పట్టి, ఆరింటిని కలిపి అతికిస్తే అంచులున్న ఆరు పలకల కర్ర వస్తుంది. వెదురు బలమంతా పైపొర పీచులోనే ఉంటుంది కాబట్టి అది బయటివైపుకే రావాలి. కర్ర మొదలు నుంచి కొస దాకా సన్నబడే తీరులో అంగుళంలో వెయ్యో వంతు తేడాలు కూడా లెక్కకొస్తాయి. నాకు చేపలు పట్టడం పెద్దగా రాదు. పగలంతా ఎవరో రాసి వదిలేసి వెళ్ళిపోయిన కోడ్ ముందు కూర్చుని, ఇది ఎవరు రాశారు, ఎందుకిలా రాశారు అని తల పట్టుకునే ఉద్యోగం నాది. రాత్రిళ్ళు ఈ కర్రలతో చేసే పనీ ఇంచుమించు అదే.

పోయిన శీతాకాలం మా ఆఫీసులో ఒకతను వాళ్ళ తాతగారి కర్ర తెచ్చిచ్చాడు. మూడు ముక్కలది, విడిగా ఇంకో కొస ముక్క. రెండు కోరికలు కోరాడు: కొత్తదానిలా చేసిపెట్టాలి, ఎవరు చేశారో చెప్పాలి. ఈ రెండూ ఒకదానికొకటి శత్రువులని అతనికి తెలీదు. చాలా పాత కర్రల మీద, పిడికి కాస్త పైన, చేసినవాడి పేరు సిరాతో రాసి వార్నిష్ పూసేవారు. కొత్తదనం కోసం ఆ పసుపెక్కిన వార్నిష్ గీకేస్తే పేరూ దానితోపాటే పోతుంది. అందుకే ముందు చూడాలి, తర్వాతే ముట్టుకోవాలి. గదిలో లైటు ఆర్పి, టార్చి ఏటవాలుగా పట్టుకుని రెండు రాత్రులు చూశాను. అక్షరం కనపడలేదు.

పేరు లేనప్పుడు వెదురే మాట్లాడాలి. ఈ కర్ర మీద అక్కడక్కడా నల్లని కాలిన మచ్చలున్నాయి. పంతొమ్మిదో శతాబ్దపు కర్రలు ఎక్కువగా ‘కలకత్తా కేన్’తో చేసేవారు. అది కలకత్తాలో పెరిగేది కాదు, అక్కడ ఓడ ఎక్కేది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో దాన్ని ‘టోంకిన్’ వెదురు పక్కకు నెట్టేసింది. ఆ పేరూ అబద్ధమే, అది దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ వెదురు. దానికి 1931లో మెక్‌ల్యూర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు శాస్త్రీయనామం పెట్టేనాటికే ప్రపంచమంతా దానితో చేపలు పడుతోంది.

అప్పుడు నాన్న మా దగ్గరే ఉన్నారు. ఆత్మకూరు మనిషి, నల్లమల అంచున పెరిగినవాడు. కలకత్తా కేన్ అంటే డెండ్రోకలామస్ స్ట్రిక్టస్ అని ఫోటో చూపిస్తే, “ఇది మన సాధనపు వెదురు కదరా, పోలీసోళ్ళ లాఠీకర్ర!” అన్నారు. ఈ మచ్చలేంటని నేనడిగితే, “వంపు తియ్యాలంటే సెగ చూపించాలి గదా” అని నా అజ్ఞానానికి నవ్వారు. ఇన్నాళ్ళుగా ఆ మచ్చల గురించి నేను చదివిన ఇంగ్లీషు పేరాలన్నిటికంటే ఆ ముక్క సూటిగా ఉంది. అయితే టోంకిన్‌ని కూడా అందం కోసం కాల్చినవాళ్ళున్నారు. మచ్చ ఒక్కటే సాక్ష్యం కాదు.

రెండో సాక్ష్యం పట్టుదారం చుట్లు. ఈ కర్ర పొడవునా అంగుళానికొక చుట్టు ఉంది. పశువుల చర్మం ఉడికించి తీసిన బంక తడి తగిలితే వదిలేస్తుంది, అందుకే ఆ చుట్లు. రసాయన జిగుర్లు వచ్చాక వాటి అవసరం తీరింది. ముక్కల్ని కలిపే లోహపు గొట్టాలు, అంటే ఫెర్రూల్స్, అంగుళంలో అరవైనాలుగో వంతుల లెక్కన కొలిచాను. కర్ర మందాన్ని ప్రతి ఐదంగుళాలకీ మూడు వైపులా కొలిచి గ్రాఫు గీశాను. ఏ ప్రసిద్ధుడి గ్రాఫుతోనూ కుదరలేదు. మాసచూసెట్స్‌లోని మాంటేగ్ లాంటి పెద్ద కార్ఖానాలు దుకాణాల పేర్ల మీద కర్రలు చేసిచ్చేవి. ఇది ఆ బాపతు కావచ్చు. ఆ మాట చెబితే అతని మొహం కాస్త వాడిపోయింది. పేరుకిచ్చే విలువ పనికివ్వకపోవడం సాహిత్యంలోనూ చూస్తున్నదే.

ఇంతకీ చిక్కంతా రెండో కొసతో వచ్చింది. ఇలాంటి కర్రలతో వచ్చే రెండు కొసలూ ఒకే పొడవుంటాయి. ఇది మూడంగుళాలు పొట్టి. విరిగినచోట ఎవరో నల్లటి బట్టలు కుట్టే దారం ఎగుడుదిగుడుగా చుట్టి, పైన ఏదో జిగురు దట్టించారు. తాతగారి పనే అయ్యుంటుంది. అది ఊడదీసి, సరిపడా వెదురు ముక్క ఏటవాలుగా కోసి అతికించి, అసలు పొడవుకి తేవచ్చు. పని నాకొచ్చు. తాళపత్రంలో పురుగు తిన్నచోట సొంత పాదం రాసి నింపిన పరిష్కర్తలు గుర్తొచ్చారు. ఛందస్సు సరిపోతుంది, కవి మాత్రం మారిపోతాడు.

అతన్నే అడిగాను. చాలాసేపు ఆ దారాన్ని వేలితో తడిమి, ఉంచెయ్యమన్నాడు.

మిగతాది చిన్న పనే. వదులైన నాలుగు రింగుల దారం మాత్రమే మార్చాను. రింగు కాలు కింద వెలుగు తగలనిచోట అసలు రంగు మిగిలి ఉంది, ముదురు ఎరుపు. వార్నిష్ తగిలితే పట్టు రంగు మారిపోతుంది కాబట్టి ఐదారు దారాలు విడిగా పూసి చూసి ఎంచుకున్నాను. మధ్య ముక్క వంపుకి నాన్న చెప్పినట్టే సెగ చూపించాను.

దీంతో చేపలు పట్టొచ్చా అని అడిగాడు. చిన్న చేపలకి నిక్షేపంగా పట్టొచ్చు, తడి తుడవకుండా సంచిలో పెట్టొద్దు, ఎండాకాలం కారులో వదిలెయ్యొద్దు అన్నాను. ఏ కొస వాడమంటావు అన్నాడు. పొడవున్నది వాడమన్నాను.