రెండో తార్

ఫుప్పూ పోయిన రోజు తాండూరులో నెట్ లేదు. ఆమె మౌత్ గురించి ఖాందాన్‌లో ఎవరు మాట్లాడినా చివరికి ఈ మాట దగ్గరికే వస్తారు. ఎందుకంటే ఊరికి నెట్ ఇచ్చేవాళ్లలో ఫుప్పూ పెద్ద కొడుకు ఒకడు.

భాయ్‌ది కేబుల్ ధందా. తొంభైల చివర మేడ మీద డిష్ పెట్టి, ఇంటింటికీ తార్ గుంజి మొదలుపెట్టాడు. సెట్‌టాప్ బాక్సులు వచ్చాక టీవీలో బర్కత్ పోయింది. ఒక పెద్ద కంపెనీ నెట్‌కి ఫ్రాంచైజీ తీసుకున్నాడు. కొన్నేళ్లకు సొంతంగా సీ-కేటగిరీ లైసెన్స్ సంపాదించుకున్నాడు. ఇప్పుడు రెండు వేలకు లోపు కనెక్షన్లు. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లు, కందిపప్పు మిల్లులు, కోచింగ్ సెంటర్లు, మిగతావి ఇళ్లు. మా మొహల్లాలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నట్టే లెక్క. భాయ్ అమ్మేది అసలు నెట్ కాదు, సాయంత్రం పూట ఆ వీడియో కాల్.

ఫుప్పూ ఫజర్ వేళ పోయింది. జొహర్ తర్వాత జనాజా అని ఖరారైంది. చిన్నకొడుకు దమ్మామ్‌లో ఉన్నాడు, ఆ పూటకు రాలేడు. "అమ్మీ ముఖం చూపించండి భాయ్, అంతే చాలు" అన్నాడు. గుసుల్ అయ్యాక ఆఖరీ దీదార్ వీడియోలో చూపిద్దామనుకున్నారు. తొమ్మిదిన్నరకు లైన్ పోయింది. ధారూర్ వైపు రోడ్డు పక్కన జేసీబీ కాలువ తవ్వుతూ ఫైబర్ తెంపేసింది. మొబైల్‌లో చూద్దామంటే అందులోనూ డేటా లేదు, టవర్‌కి వచ్చే ఫైబర్ కూడా ఆ గుంతలోదే. ఎవరిదో వేరే కంపెనీ సిమ్‌లో మాట మాత్రం వినిపించింది. ఛోటే ఆ ఫోన్ చెవికి పెట్టుకుని, డోలా లేపుతుంటే కలిమా చదివే గొంతులు విన్నాడు. లైన్ అసర్ తర్వాత వచ్చింది. అప్పటికి మట్టి ఇచ్చి అందరూ ఇంటికొచ్చేశారు.

నెట్ పోతే ఊరంతా భాయ్‌కి ఫోన్ చేస్తుంది. ఆ రోజూ చేశారు. ఖబరస్తాన్‌లో ఉన్నప్పుడు ఆయన జేబులో ఫోన్ వణుకుతూనే ఉండటం నేను చూశాను.

చాలీస్వా అయ్యాక వికారాబాద్‌లో ఉన్న నాకు ఫోన్ చేశాడు. "రెండో కంపెనీ లైన్ తీసుకుంటున్నా. నువ్వు సవాళ్లు అడిగే నౌకరీ చేస్తావు కదా, ఆ వచ్చేవాళ్లను నువ్వే అడుగు" అన్నాడు. నాకేమి తెలుసని! ఉర్దూ మీడియంలో సైన్స్ చదివినవాణ్ని, డిగ్రీ తెలుగుది. అయినా వెళ్లాను. తాండూరు ఎంత దూరం, రైలెక్కితే గంటలోపు.

భాయ్ దగ్గర పనిచేసే పిల్లగాడు నాకు ముందు సబఖ్ చెప్పాడు. ఊళ్లో మనం ఎంత తార్ గుంజినా అది గల్లీ మాత్రమే. దాన్ని దునియా మొత్తానికి కలిపే రాహదారిని పెద్ద కంపెనీ దగ్గర కిరాయికి తీసుకోవాలి, దాన్నే ట్రాన్సిట్ అంటారు. పీరింగ్ వేరు. అది ఇద్దరు పొరుగువాళ్లు మధ్యగోడలో తలుపు పెట్టుకోవడం లాంటిది. హైదరాబాద్‌లో నిక్సీ లాంటి ఎక్స్‌చేంజీలు ఉన్నది అందుకే. ఇక యూట్యూబ్ లాంటి వాటి మాల్‌లో చాలా భాగం దగ్గర్లో పెట్టిన క్యాష్ సర్వర్ల నుంచే వస్తుంది. కాబట్టి జనం చూసేదంతా సముద్రం దాటి రావడం లేదు. కానీ ఎక్స్‌చేంజీకి పోవాలన్నా, సముద్రం దాటాలన్నా ముందు తాండూరు నుంచి హైదరాబాద్ చేరాలి. మన గొడవంతా ఆ నూరు కిలోమీటర్లదే.

మొదటి ఆయన అందరికంటే చౌక రేటు తెచ్చాడు. భాయ్ కళ్లు మెరిశాయి. కూతురి బీఫార్మసీ ఫీజు కట్టాల్సిన నెల అది. నేను చాయ్ తాగుతూ అడిగాను, "మీరు ఎవరి దగ్గర కొంటారు?" మొదట "మాది సొంత నెట్‌వర్క్ సార్" అన్నాడు. రెండోసారి అడిగితే "బ్యాకెండ్‌లో ఫలానా వాళ్లు" అన్నాడు. ఆ ఫలానా వాళ్లే భాయ్‌కి ఇప్పుడు లైన్ ఇస్తున్నవాళ్లు!

డెస్క్‌లో కూర్చున్నవాళ్లకు ఇది పాత సంగతే. ఒక ఖబర్‌ను ఇద్దరు రిపోర్టర్లు పంపారని ధైర్యంగా వేస్తాం. తెల్లారి తెలుస్తుంది, ఇద్దరికీ చెప్పింది ఒకే కానిస్టేబుల్ అని. భాయ్ మాత్రం "కంపెనీ పేరు వేరే ఉంది కదా, బిల్లు వేరే ఉంది కదా" అని ఆయన్ని వదలలేక వదిలాడు.

రెండో కంపెనీకి సొంత ఫైబర్ ఉంది. మేనేజర్ మర్యాదస్తుడు. "రూట్ పూర్తిగా వేరు, మీది ధారూర్ నుంచి, మాది కొడంగల్ నుంచి" అన్నాడు. మ్యాప్ ఫైల్ అడిగితే రెండు రోజులకు పంపాడు. గూగుల్ ఎర్త్‌లో తెరిచి ముగ్గురం తలలు దగ్గర పెట్టి చూశాం. తాండూరు, కొడంగల్, పరిగి... గీత చక్కగా వేరేగా పోతోంది. భాయ్ వేలు దాని మీద నడిపిస్తూ మన్నెగూడ దగ్గర ఆగాడు. వికారాబాద్ మీదుగా వచ్చే పాత లైన్ కూడా అక్కడే కలుస్తుంది. అక్కడి నుంచి రెండూ చేవెళ్ల రోడ్డే. ఆ మర్రిచెట్ల రోడ్డును వెడల్పు చేయాలని ఎన్నేళ్ల నుంచి నడుస్తోందో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. అంటే రాబోయే జేసీబీలన్నీ అక్కడికే. "రెండు తార్లు, ఒకటే ఖబర్" అన్నాడు భాయ్. ఖబర్ అంటే వార్త కాదు, గోరీ.

ఇది చిన్న ఊళ్ల నసీబ్ మాత్రమే అనుకోకండి. 2008 జనవరి 30న ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో సీ-మీ-వీ-4, ఫ్లాగ్ అనే రెండు కేబుళ్లు తెగితే, మన దేశం నుంచి బయటికి పోయే సామర్థ్యంలో సగం దాకా పడిపోయింది. అప్పుడు నేను కొత్త సబ్ ఎడిటర్‌ని. రెండు వేరువేరు కేబుళ్లు ఒక్క రోజే ఎట్లా తెగుతాయని హెడ్డింగ్‌లో ప్రశ్నార్థకం పెట్టాను. కంపెనీలు రెండైనా సముద్రంలో దారి దగ్గరదగ్గరే. 2025 సెప్టెంబర్‌లో జెద్దా దగ్గర కేబుళ్లు తెగినప్పుడు కూడా ఇక్కడ చాలామందికి నెట్ నెమ్మదించింది. అందుకే ఆ తర్వాత వచ్చినవాళ్లను ఇంకో సవాల్ అడిగాను, మీ విదేశీ రాకపోకలు ముంబయి ఒడ్డు నుంచా, చెన్నై ఒడ్డు నుంచా అని.

మూడో లైన్ రైలు పట్టాల పక్కన వచ్చే ఫైబర్. సికింద్రాబాద్ నుంచి వాడి దాకా నిజాం జమానాలో, 1874లో వేసిన లైన్ మనది. అది మన్నెగూడ ముఖమే చూడదు. వికారాబాద్, శంకర్‌పల్లి, లింగంపల్లి మీదుగా పోతుంది. పట్టాల పక్కన ఎవడంటే వాడు జేసీబీ తేలేడు. పైగా ఆ గీత పడమరకు, వాడి వైపు కూడా సాగుతుంది. హైదరాబాద్ వైపు తెగినా అటు తిప్పుకునే వీలుంది. రేటు మాత్రం మొదటి ఆయన చెప్పినదానికి దాదాపు రెట్టింపు, స్టేషన్ నుంచి ఆఫీసు దాకా తార్ భాయే వేసుకోవాలి.

భాయ్ రెండు వారాలు జవాబివ్వలేదు. ఒక రాత్రి ఫోన్‌లో "ఏడాదిలో తెగేది నాలుగుసార్లు. దానికి నెలనెలా ఇంత కట్టాలా?" అన్నాడు. నేనేమీ అనలేదు. ఆయనా కాసేపు ఏమీ అనలేదు. "సరే, ఎగ్రిమెంట్ పంపమను" అన్నాడు.

అంతటితో అయిపోలేదు. కంపెనీ ఇచ్చిన ఐపీ చిరునామాలతో ఉంటే లైన్ మారగానే చిరునామా చెల్లదు. సొంతంగా 256 చిరునామాలు, ఒక ఏఎస్ నంబర్ కోసం ఐరిన్‌కి దర్ఖాస్తు పెట్టాం. అవి వచ్చాక రౌటర్ రెండు వైపులా ఏలాన్ చేస్తుంది, ఈ చిరునామాలు నా దగ్గరున్నాయని. ఒక వైపు మూగబోతే దునియా రెండో వైపు నుంచి వస్తుంది. నాకు ఈ మొత్తంలో బాగా నచ్చింది ఈ ఏలాన్ సంగతే.

ఇక లెక్క. రెండు లైన్లూ రోజూ నిండా వాడేస్తే, ఒకటి తెగినప్పుడు రెండోది మొత్తం బోఝ్ మోయలేదు. అలాగని ఖాళీగా ఉన్నదానికి పూర్తి కిరాయి కట్టడం భాయ్‌కి మనసొప్పదు. పిల్లగాడు దారి చెప్పాడు. పెద్ద పోర్ట్ తీసుకుని, వాడకాన్ని 95వ పర్సంటైల్ మీద బిల్లు చేయమని అడగాలి. ఐదేసి నిమిషాలకు ఒకసారి కొలిచి, నెలలో అన్నిటికంటే ఎక్కువున్న ఐదు శాతం కొలతలను పక్కన పడేస్తారు. ముప్పై రోజుల నెలలో అది 36 గంటలు. అంటే పాత లైన్ తెగి బోఝంతా కొత్తదాని మీద పడినా, నెల మొత్తం మీద అది 36 గంటలు దాటకపోతే బిల్లు పెరగదు. భాయ్ ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

మొన్న జుమేరాత్ రాత్రి ఇషా తర్వాత పరీక్ష పెట్టాం. ఛోటేకి వీడియో కాల్ చేసి ఫోన్ భాభీ చేతికిచ్చారు. వాడు డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు, వెనకాల ఎవరో ఉల్లిగడ్డలు వేయిస్తున్న చప్పుడు. భాయ్ ర్యాక్ దగ్గర నిలబడి బిస్మిల్లా అని పాత లైన్ ప్యాచ్ కార్డ్ గుంజేశాడు.

స్క్రీన్ మీద ఛోటే ముఖం నోరు తెరిచినట్టే ఆగిపోయింది. చక్రం తిరుగుతోంది. పిల్లగాడు గోడ గడియారం చూస్తున్నాడు. పది, ఇరవై. భాయ్ చేతిలో కార్డ్ అట్లాగే ఉంది. నలభై దగ్గర ముఖం కదిలింది.

"హలో? హలో భాభీ? క్యా హువా, కట్ హో గయా థా?"

"కుఛ్ నై రే" అన్నాడు భాయ్, ఫోన్ తీసుకుని. "ఖానా ఖాయా?"