తాళాలగుత్తి, బద్దెపురుగు, మా తమ్ముడి పెళ్ళి

నాలుగేళ్ళ క్రితం ఒక ఆదివారం కాఫీ తాగుతూ తాగుతూ మా తమ్ముడు కుప్పకూలిపోయాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోట్లోంచి నురగ. నేను బిగుసుకుపోయా. పక్కింటి ఆంటీ పరిగెత్తుకొచ్చి వాడి చేతిలో తాళాలగుత్తి పెట్టారు. రెండు నిమిషాలకి తగ్గింది. తాళాల వల్లే తగ్గిందని ఆవిడ ఇప్పటికీ చెప్తుంటారు :)

ఎమ్మారై తీస్తే మెదడులో చిన్న ఉంగరంలాంటి మచ్చ. బద్దెపురుగు గుడ్డు కడుపులోకెళ్ళిందన్నారు డాక్టరు. "మేము కోడిగుడ్డే ముట్టమండీ!" అంది అమ్మ. సరిగా ఉడకని పందిమాంసం తిన్నవాళ్ళ పేగుల్లో ఈ పురుగు పెరుగుతుందట. వాళ్ళ మలంలోంచి గుడ్లు నీళ్ళలోకి, ఆకుకూరల మీదకి, కడుక్కోని చేతుల మీదకి చేరతాయి. మింగినవాడు శాకాహారా కాదా అని గుడ్డు అడగదు కదా.

అసలు విశేషం ఇది. మెదడులో చేరిన పిల్లపురుగు మన రోగనిరోధక వ్యవస్థ కంటపడకుండా ఏళ్ళతరబడి దాక్కోగలదు. అది చచ్చేటప్పుడే బండారం బయటపడి, మన సైన్యం దానిమీద పడుతుంది. చుట్టూ వాపు, ఆ వాపుకి ఫిట్స్. అందుకే పురుగుమందుతోపాటు స్టెరాయిడ్లూ ఇచ్చారు. మన భాషలో చెప్పాలంటే, వైరస్ కన్నా యాంటీవైరస్ స్కానింగే సిస్టమ్‌ని హ్యాంగ్ చేసిందన్నమాట.

ఒక్కోసారి అసలు శత్రువు లేకుండానే యుద్ధం జరుగుతుంది. 2007లో జోసెప్ డాల్మావ్ బృందం వివరించిన జబ్బులో యాంటీబాడీలు మెదడులోని ఎన్‌ఎండీఏ రిసెప్టర్ల మీదే దాడి చేస్తాయి. ఫిట్స్, పొంతనలేని మాటలు. పూర్వం దయ్యం పట్టిందని వేపమండలతో కొట్టించుకున్నవాళ్ళలో ఇలాంటివాళ్ళు ఎందరున్నారో! ఇంటర్నేషనల్ లీగ్ అగెనెస్ట్ ఎపిలెప్సీ 2017 వర్గీకరణలో మూర్ఛ కారణాల్లో రోగనిరోధక వ్యవస్థకి విడిగా చోటిచ్చారు.

ఇంతకీ ఇదంతా ఇప్పుడెందుకంటే, తమ్ముడికి సంబంధాలు చూస్తున్నాం. డాక్టరు మందులు ఆపించి రెండేళ్ళు దాటింది, ఫిట్స్ మళ్ళీ రాలేదు. అయినా "ఎవరికీ చెప్పకండ్రా" అంటుంది అమ్మ. హిందూ వివాహ చట్టంలో పెళ్ళికి అడ్డంకుల్లోంచి మూర్ఛని 1999లోనే తీసేశారు. చట్టం మర్చిపోయింది గానీ చుట్టాలు మర్చిపోలేదు.

మొన్న వచ్చినవాళ్ళకి వాడే అంతా చెప్పేశాడు. "ఫోన్ చేస్తాం" అని వెళ్ళారు. పదిరోజులైంది. అమ్మ వాడితో మాట్లాడటంలేదు. నాకు మాత్రం వాడు చేసిందే కరెక్టనిపిస్తోంది. మీరైతే ఏం చేసేవారు?

అన్నట్టు, మీ ఎదురుగా ఎవరైనా ఇలా పడిపోతే తాళాల కోసం వెతక్కండి. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరిగెత్తండి.