కాలు చెప్పేది, ఫిల్ము చూపేది

వైట్‌ఫీల్డ్‌లో నడుము నొప్పితో వచ్చేవాళ్ళు చాలామంది ఎమ్మారై కవరుతోనే వస్తారు. ఐటీపీఎల్ చుట్టుపక్కల ఆఫీసుల్లో రోజంతా కుర్చీలో గడిపేవాళ్ళు, పిల్లల దగ్గర ఉందామని గుంటూరు నుంచో కర్నూలు నుంచో వచ్చిన తల్లిదండ్రులు, కుప్పంలో పొద్దున్నే రైలెక్కే రైతులు. 2001లో ఇక్కడ సత్యసాయి ఆసుపత్రి తెరిచి మెదడు, వెన్ను ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నప్పటి నుంచీ సీమవాళ్ళకి ఈ ఊరు బాగా తెలుసు. ఎవరొచ్చినా నేను కవరు పక్కన పెట్టి, ముందు చెప్పులు విప్పమంటాను.

ముప్పై దాటిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ అన్న మాట చూసి, ఆపరేషన్ తప్పదని బెంగ పెట్టుకున్నాడు. నొప్పి నడుములోనే ఉంది, కాల్లోకి దిగలేదు. పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలెత్తితే సులువుగా లేచింది. వేళ్ళలో బలం, మడమ దగ్గర రిఫ్లెక్స్ రెండువైపులా సమానం. నరం నొక్కుకుందనడానికి ఒక్క గుర్తూ లేదు. 1994లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీస్తే, 52 శాతం మందిలో కనీసం ఒక్క బల్జ్ కనిపించింది. ఆ సంగతి చెప్పి, నడక, వ్యాయామం మొదలుపెట్టించాను.

కుప్పం వైపు నుంచి వచ్చిన పెద్దాయన సంగతి వేరు. రిపోర్టు మొదట్లో ఎల్4-ఎల్5 దగ్గర ఎడమవైపు బల్జ్ అని ఉంది. “నొప్పి కుడికాలికి సార్, పాదం మీద తిమ్మిరి,” అన్నాడాయన. బొటనవేలు పైకెత్తి పట్టుకోమని నా వేలితో కిందికి నొక్కాను. ఎడమది కదల్లేదు, కుడిది ఇట్టే వాలిపోయింది. పాదం పైభాగాన తిమ్మిరి, బొటనవేలు నీరసం కలిస్తే అది ఐదో నడుము నరం. అప్పుడు ఫిల్ము తీశాను. పక్క నుంచి తీసిన చిత్రాల్లో, నరం బయటికొచ్చే ప్రతి రంధ్రంలోనూ తెల్లటి కొవ్వు మధ్య నల్లటి చుక్కలా నరం కనిపిస్తుంది. ఆయనకు కుడివైపు అన్నిటికన్నా కింది రంధ్రంలో ఆ తెలుపు లేదు. డిస్క్ అక్కడ నరాన్ని ఒత్తేస్తోంది. రిపోర్టు చివర ఒక్క ముక్కగా అదీ ఉంది. బలం తగ్గింది కాబట్టి ఆలస్యం చేయకుండా న్యూరోసర్జన్ దగ్గరికి పంపాను.

ఎమ్మారైకీ పరిమితి ఉంది. పడుకోబెట్టి తీస్తారు గనక, నిలబడితే పెరిగే వెన్ను ఇరుకు అందులో తక్కువగా కనిపించవచ్చు. కాసేపు నడవగానే కాళ్ళు బరువెక్కి, ముందుకు వంగినా కూర్చున్నా తేలికపడుతుంటే ఆ మాట తప్పక చెప్పాలి.

మూత్రం బిగిసిపోయినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, రెండు కాళ్ళూ పట్టు తప్పినా మాత్రం ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి, వెంటనే ఎమ్మారై తీయాలి. నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే వెన్ను క్షయ, క్యాన్సర్ లేవని త్వరగా తేల్చుకోవాలి. ఇలాంటివేవీ లేని కొత్త నొప్పికి, బలం తగ్గనంతవరకు, డాక్టరు సలహాతో కొన్ని వారాలు ఆగవచ్చు. జారి బయటికొచ్చిన డిస్క్ ముక్క చాలామందిలో దానంతటదే కుంచించుకుపోతుంది.

డాక్టరు దగ్గరికి రిపోర్టు తప్పక తీసుకెళ్ళండి. దాంతో పాటు నొప్పి ఏ కాల్లో, ఏ వేలి దాకా పాకుతోందో గమనించి చెప్పండి. ఫిల్ములో ఎక్కడ వెతకాలో మాకు తెలిసేది ఆ మాటతోనే.