చెరుతురుత్తిలో వానకాలపు వేకువ

వానకాలంలో చెరుతురుత్తి కళామండలం కోడికూతకు ముందే మేలుకొంటుంది. మహాకవి వళ్ళత్తోళ్, ముకుందరాజా 1930లో స్థాపించిన ఈ కేరళ విద్యాపీఠంలో కథకళి నేర్చే బాలుడు ఒళ్ళంతా నూనె పట్టించుకొని, చెమట పట్టేదాకా గంతులు వేసి, మోకాళ్ళు ఇరుప్రక్కలకు మడిచి నేలమీద కప్పవలె బోర్లా పడుకొంటాడు. గురువు పైనున్న ఊతకర్రను పట్టుకొని, తన బరువును అదుపులో ఉంచుకొంటూ, పాదాలతో అతని నడుమును, తుంటిని, తొడలను మర్దిస్తాడు. ‘ఉళిచ్చిల్’ అంటే ఇదే. మొదటి రోజులలో కన్నీళ్ళు ఆగవు. పాదాల వెలుపలి అంచులమీద నిలిచి, మోకాళ్ళు విప్పార్చి రాత్రంతా ఆడవలసిన నటునికి ఈ బాధ తప్పదు కాబోలు! అయితే మర్దన కండరాలను సడలించగలదే గాని, తుంటిగూటి ఎముక ఆకారాన్ని మార్చలేదు. ఆ హద్దు మీరి తొక్కితే కీలుకే చేటు. ఎక్కడ ఆగాలో గురువు అరికాలికి తెలియాలి. కాసేపటికి కుర్రవాడు లేచి, కళ్ళు తుడుచుకొని, కుంటకుండానే స్నానానికి నడిచిపోతాడు.