పాత సీపీయూకి కొత్త డిస్కు

పెళ్లి ముహూర్తాలు దగ్గర పడితే ముదినేపల్లి డీటీపీ షాపుల్లో కుర్చీ ఖాళీ దొరకదు. శుభలేఖ ప్రూఫు దిద్దేవాళ్లు, చేపల చెరువు లీజు అగ్రిమెంటు కొట్టించుకునేవాళ్లు, ఆధార్ జిరాక్సుకొచ్చినవాళ్లు. అంతమంది పనీ పదేళ్లు దాటిన సీపీయూ ఒకటి మోస్తుంటుంది. పొద్దున్నే స్విచ్ వేస్తే అది తేరుకునేలోగా టీ తాగి రావచ్చు. ‘దీని పనైపోయింది, కొత్తది కొనెయ్’ అంటారు చూసినవాళ్లు. మూత విప్పకుండా నేనైతే ఆ మాట అనను.

విప్పితే సగం జబ్బులు కంటికే కనిపిస్తాయి. కొల్లేటి గాలిలో తేమ ఎక్కువ; ఫ్యాను రెక్కలకు దుమ్ము జిగురులా అంటుకుపోయి ఉంటుంది. ప్రాసెసర్ మీద పేస్టు ఎండిపోయి ఉంటుంది. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోతే కరెంటు పోయొచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పితే బ్యాంకు సైట్లు తెరుచుకోవు. జనం వైరస్ అనుకుంటారు, నెట్ పోయిందనుకుంటారు. ఆ చిన్న బ్యాటరీ కోసం మిషన్ మొత్తం పారేయడం అన్యాయం.

నత్తనడకకు చాలాసార్లు కారణం హార్డ్ డిస్కే. నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్లెం మీద ప్రతి ఫైలునూ వెతుక్కుని రావాలి. దాని బదులు ఎస్ఎస్‌డీ వేస్తే, అందులో తిరిగేదంటూ ఏమీ ఉండదు. పాత డిస్కు తీగలకే తగిలించొచ్చు. తేడా మొదటిరోజే తెలుస్తుంది. ర్యామ్ కొనేముందు మాత్రం బోర్డు చూసుకోవాలి. డీడీఆర్3 గాటు ఒకచోట, డీడీఆర్4 గాటు ఇంకోచోట. ఒకదాని స్లాట్‌లో ఇంకోటి దిగదు. బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి కనిపిస్తే ఇక దానికి రూపాయి కూడా పెట్టొద్దు.

విండోస్ సంగతి వేరు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11కి టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే పనికొస్తుంది. అంటే 2017కి ముందువి, నిక్షేపంలా నడుస్తున్నా సరే, పక్కకి తప్పుకోవాలి. ఇది నాకు కష్టంగానే ఉంటుంది. అయినా బ్యాంకు పనులు, జీఎస్టీ రిటర్నులు చేసే మిషన్ని మార్చక తప్పదు. అక్కడ ఉండేది ఊళ్లోవాళ్ల డబ్బు.

పాతదాన్ని మాత్రం అప్పుడే తీసేయొద్దు. పేజ్‌మేకర్ 7.0 2001 నాటిది, ఇప్పటికీ మన శుభలేఖలు చాలావరకు అందులోనే తయారవుతున్నాయి. అను ఫాంట్లలో కొట్టిన ఫైళ్లు యూనికోడ్ కావు. అను లేని మిషన్లో తెరిస్తే అక్షరాల బదులు పిచ్చిగీతలు. ముదినేపల్లి 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లాలోకి వచ్చింది. అంతకుముందు కొట్టిన ఫైలు తెరిస్తే ఊరి పేరు కింద ఇంకా ‘కృష్ణా జిల్లా’ అనే ఉంటుంది. దాన్ని దిద్దుకుంటూ అదే నమూనా మీద కొత్త కార్డు వేస్తారు. గుడి కరపత్రాలు, దినకర్మ కార్డులు, ఓపెనింగుల ఆహ్వానాలు అన్నీ అలా దాచుకున్నవే. అందుకే నా సలహా ఇది: పాతదానికి ఎస్ఎస్‌డీ వేసి, నెట్ తీగ పీకేసి, పేజ్‌మేకర్‌కే ఉంచండి. నెట్ పనులకు కొత్తది కొనండి. ఇంట్లో పిల్లల చదువుకైతే పాతదాంట్లో లినక్స్ వేసినా చాలు.

ఎప్పటికైనా దాన్ని పాత సామాన్లవాళ్లకి ఇవ్వాల్సి వస్తే, డిస్కు విప్పి మీ దగ్గరే ఉంచుకోండి. జిరాక్సుకొచ్చినవాళ్ల ఆధార్లు, పట్టాదారు పాస్‌బుక్కులు అందులో ఉంటాయి. డిలీట్ కొట్టినంత మాత్రాన అవి పోవు.