విమానానికి నేర్పిన సహనం

ముప్ఫై అయిదేళ్ళు సుద్దముక్క పట్టిన నా కుడిచేయి రెండేళ్ళుగా కొద్దిగా వణుకుతోంది. కాఫీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని ఇంట్లో ఆ సంగతి దాచుకుంటూ వచ్చాను. విమానం దగ్గర మాత్రం దాచడం సాధ్యపడలేదు.

విమానమంటే నిజమైనది కాదు లెండి. మనుమడు వదిలివెళ్ళిన జాయ్‌స్టిక్కు, 1997లో తొలిసారి విడుదలైన ఫ్లైట్‌గేర్ అనే ఉచిత సిమ్యులేటరు. సెస్నా 172లో మధురపూడి నుంచి లేచి, గోదావరి మీద ఒక చుట్టు చుట్టి, మళ్ళీ అక్కడే దిగడం నా సాయంకాలపు వ్యసనం. లేవడం సులువే. 65 నాట్ల వేగంతో దిగివస్తున్నప్పుడే నా చేతి వణుకంతా విమానపు ముక్కుకు సోకేది.

ఫోనులో మొరపెట్టుకుంటే, "తాతయ్యా, జాయ్‌స్టిక్కుకు ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలుంటుంది, అది తెరిచి చదువు" అన్నాడు మనుమడు. చదివాను. కర్ర ముందు వెనుకల కదలిక మైనస్ ఒకటి నుంచి ప్లస్ ఒకటి వరకు ఒక సంఖ్యగా మారుతుంది. ఆ సంఖ్య ఎలివేటరుకు చేరాలా, మరొకదానికా అన్నది ఆ ఫైలు నిర్ణయిస్తుంది. తెరిచిన ట్యాగును మూయకపోతే మొత్తం చెల్లదు. ఒక్క గణం తప్పినా పద్యాన్ని కొట్టివేసిన నాకు ఆ కాఠిన్యం కొత్త కాదు.

అందులోనే డెడ్‌బ్యాండ్ అనే మాట కనిపించింది. మధ్యస్థానానికి అటూ ఇటూ ఎంతమేర కదలికను సున్నాగా ఎంచాలో అది చెబుతుంది. 0.06 అని రాశాను. సమతలంలో ఎగిరేటప్పుడు విమానం కుదుటపడింది. కానీ దిగేటప్పుడు కర్రను వెనక్కి లాగి పట్టుకోవాలి. అక్కడ మధ్యస్థానానికిచ్చిన మినహాయింపు పనికిరాదు.

దానికి నాసల్ భాషలో చిన్న స్క్రిప్టు రాయవలసి వచ్చింది. పేరు వినగానే నాకు అనునాసికాలు గుర్తొచ్చాయనుకోండి! సెకనుకు ఇరవైసార్లు కర్ర స్థానం చూడాలి. పాత విలువకూ కొత్త విలువకూ ఉన్న తేడాలో పదోవంతు మాత్రమే స్వీకరించాలి. వణుకు మాయమైంది. దానితోపాటు చురుకుదనమూ పోయింది. నేలకు చేరువై ముక్కు ఎత్తబోతే అర సెకను దాకా ఉలుకూ పలుకూ లేదు. కంగారుపడి ఇంకా లాగాను. రెండు ఆజ్ఞలూ ఒక్కసారే అందినట్లు విమానం పైకెగసి, రన్‌వే మీద ముందుచక్రంతో మొత్తుకుంది. పదోవంతును నాలుగోవంతు చేశాను. కొంత వణుకు తిరిగి వచ్చింది. ఉండనిచ్చాను.

ఎనిమిదో తరగతిలో ఒక కుర్రవాడుండేవాడు. రాసేటప్పుడు చేయి వణికేది. దస్తూరీ బాగులేదని వాడికి ఏడాదంతా మార్కులు తగ్గించాను. వాడి చేతికి నేనేమాత్రం వెసులుబాటు ఇవ్వలేదు. అక్షరం వెనుక వాడు చెప్పదలచిన సమాధానం సరైనదో కాదో చూసే ఓపిక అప్పుడు నాకు లేకపోయింది. ఆ ఫైలులో 0.06 అని రాస్తున్నప్పుడు వాడే కళ్ళముందు మెదిలాడు.

నిన్న ఉదయం, ఇకనుంచి గ్లాసులో కాఫీ సగమే పొయ్యమని మా ఆవిడతో చెప్పాను. ఆరు నెలలుగా సగమే పోస్తోందట.